ఎదుగుదల హార్మోను కథ – ఉత్తర్వు ఎక్కడ ఆగింది?

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శి గారు కోరారు. శాసనాల గురించి, సంస్థానాల గురించి, స్వాతంత్ర్యోద్యమం గురించి సాధికారంగా రాయగల పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక మందు చరిత్ర రాయదలచుకున్నాను. వయసుకు తగ్గ పొడవు లేని పిల్లలకు ఇచ్చే ఎదుగుదల హార్మోను, ఆ హార్మోనును పిల్లల శరీరం చేతనే విడుదల చేయించడానికి కనిపెట్టిన మందులు – వాటి చరిత్ర ఇది.

నేను వైద్యుణ్ణి కాను. గుమాస్తాగా ఫైళ్ల మధ్య సర్వీసు పూర్తి చేసినవాణ్ణి. కానీ ఈ చరిత్రలో మందులతో పాటు రిజిస్టర్లూ ఉన్నాయి, చర్య తీసుకోకుండా పక్కన పెట్టిన ఉత్తరం కూడా ఉంది. అందుచేత మనబోటివారికి ఇది సులభంగానే అర్థమవుతుంది.

అవసరం ఏమిటంటారా? మన ఇళ్లల్లో మనుమలు, మనుమరాళ్లు ఎదుగుతున్నారు. పక్కింటి పిల్లవాడి కంటే మనవాడు నాలుగు వేళ్లు తక్కువగా ఉంటే కోడలికి నిద్ర పట్టదు. రేపు పెళ్లి సంబంధాల మాట వస్తుంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవారికి సాధారణంగా 167.6 సెంటీమీటర్ల పొడవు అడుగుతారని మనకు తెలుసు. పత్రికల్లో, టీవీల్లో పొడవు పెంచే పొడుల ప్రకటనలు సరేసరి. చివరికి ఆ ఖర్చుకు తాతగారి కమ్యుటేషన్ సొమ్ము వైపు అందరి చూపూ మళ్లుతుంది. డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చుకునే ముందు ఈ చికిత్స ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండటం మంచిది.

శరీరంలోని ట్రెజరీ

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. దాని కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే పీయూష గ్రంథి అన్నారు. ఎదుగుదల హార్మోను నిల్వ ఉండేది ఈ గ్రంథిలోనే. కానీ అది తనంతట తాను విడుదల చేయదు. పైన ఉన్న హైపోథాలమస్ నుంచి ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు కూడా ఒక హార్మోనే. దాన్ని విడుదల హార్మోను అందాం. అది అందగానే గ్రంథి ఎదుగుదల హార్మోనును రక్తంలోకి వదులుతుంది. ముఖ్యంగా రాత్రి గాఢనిద్రలో, విడతలు విడతలుగా వదులుతుంది. ఆ హార్మోను కాలేయానికి చేరితే అక్కడ ఐ.జి.ఎఫ్. 1 అనే మరో పదార్థం తయారవుతుంది. ఇవన్నీ కలిసి ఎముకల చివర్లలో ఉండే మెత్తటి ఎదుగుదల పొరల మీద పనిచేస్తే పిల్లవాడు పొడవవుతాడు.

మన భాషలో చెప్పాలంటే హైపోథాలమస్ ఎ.జి. ఆఫీసు, పిట్యూటరీ గ్రంథి ట్రెజరీ, కాలేయం బ్యాంకు, ఎముక పెన్షనరు. పెన్షను చేతికి రాలేదంటే ఎక్కడ ఆగినట్టు? ఎ.జి. ఆఫీసు నుంచి ఉత్తర్వే రాలేదా, ట్రెజరీలో నిధులు లేవా, బ్యాంకులో ఆగిందా? చెల్లింపులు నిలిపివేసే ఫ్రీజింగ్ ఉత్తర్వు కూడా శరీరంలో ఉంది. దాని పేరు సొమాటోస్టాటిన్. 1973లో కనుగొన్నారు. డబ్బు రాకపోవడం ఒకటే అయినా కారణాలు వేరు, వెళ్లవలసిన కౌంటరు వేరు. పొట్టి పిల్లల సంగతీ అంతే. వైద్యులకు ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా తెలియడానికి అరవై ఏళ్లు పైనే పట్టింది.

శవాల నుంచి తీసిన మందు

1921లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఇవాన్స్, జోసెఫ్ లాంగ్ అనే శాస్త్రజ్ఞులు పశువుల పిట్యూటరీ రసాన్ని ఎలుకలకు ఎక్కించి చూశారు. ఆ ఎలుకలు మామూలు వాటికంటే బాగా పెద్దవయ్యాయి. 1940లలో ఇవాన్స్, చైనాలో పుట్టిన ఛో హావో లీ కలిసి పశువుల ఎదుగుదల హార్మోనును శుద్ధి చేశారు. ఇన్సులిన్ విషయంలో పశువుల మందు మనుషులకు పనికొచ్చింది కదా, ఇదీ అంతేనని ఆశపడ్డారు. పనిచేయలేదు. మనిషికి మనిషి హార్మోనో, కనీసం కోతి జాతి హార్మోనో కావాలని 1950లలో తేలింది. 1956లో లీ బృందం మనిషి హార్మోనును వేరు చేసింది. 1958లో బోస్టన్‌కు చెందిన మారిస్ రేబెన్ పదిహేడేళ్ల కుర్రవాడికి ఆ హార్మోను ఇస్తే ఎదిగాడని ప్రకటించారు.

అప్పట్లో మనిషి హార్మోను దొరికే చోటు ఒక్కటే – చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథి. ఒక బిడ్డకు ఏడాది పొడుగునా మందు ఇవ్వాలంటే ఎందరో మృతుల గ్రంథులు కావాలి. అందుకని అమెరికాలో 1963లో జాతీయ పిట్యూటరీ ఏజెన్సీని ఏర్పాటు చేసి, ఆసుపత్రుల నుంచి గ్రంథులు సేకరించి, శుద్ధి చేసి, పిల్లలకు పంచారు. 1985 దాకా అక్కడ సుమారు 7,700 మంది పిల్లలు ఈ మందు తీసుకున్నారు. బ్రిటన్‌లో 1959 నుంచి 1985 వరకు 1,800 మందికి పైగా తీసుకున్నారు. ఫ్రాన్స్‌లో దాదాపు 1,700 మంది. బ్రిటన్‌లో శవాగార సిబ్బందికి గ్రంథికి ఇంత అని చిన్న మొత్తం ఇచ్చేవారట. వేల గ్రంథులను కలిపి ఒక్కొక్క దఫా మందు తయారుచేసేవారు. పిల్లలు ఎదిగారు, తల్లిదండ్రులు సంతోషించారు.

పక్కన పెట్టిన హెచ్చరిక

వేల గ్రంథులు కలిపినప్పుడు అందులో ఒక్కటి రోగిష్టిదైనా దఫా మొత్తం చెడుతుంది. క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి అనే అరుదైన మెదడు జబ్బు ఒకటుంది. దానికి కారణమయ్యే పదార్థం మామూలు శుద్ధికి లొంగదు. శరీరంలో చేరాక పదేళ్లో, ముప్ఫై ఏళ్లో నిద్రపోయి ఆ తరువాత బయటపడుతుంది. బయటపడితే చికిత్స లేదు.

గొర్రెలకు వచ్చే ఇలాంటి జబ్బు మీద పనిచేసిన ఆలన్ డికిన్సన్ అనే ఎడిన్‌బరో శాస్త్రజ్ఞుడు, ఈ మందు ద్వారా ఆ జబ్బు పిల్లలకు సోకవచ్చునని 1976లోనే బ్రిటన్ అధికారులకు తెలియజేశారు. చికిత్స మాత్రం మరో తొమ్మిదేళ్లు సాగింది. 1984 చివర అమెరికాలో, చిన్నప్పటి నుంచి ఈ మందు వాడిన ఒక యువకుడు ఈ జబ్బుతో మరణించాడు. 1985 ఫిబ్రవరిలో అతని వైద్యుడు ప్రభుత్వానికి రాశారు. వెతికితే మరికొన్ని మరణాలు బయటపడ్డాయి. ఆ ఏప్రిల్‌లో అమెరికా పంపిణీ ఆపింది, మేలో బ్రిటన్ ఆపింది. ఫ్రాన్స్‌లో మాత్రం 1988 దాకా పూర్తిగా ఆగలేదు. ఆ దేశంలో మరణాలు వంద దాటాయి. బ్రిటన్‌లో సుమారు 80, అమెరికాలో 30కి పైగా నమోదయ్యాయి.

1996లో లండన్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. హెచ్చరిక అందాక, 1977 జూలై 1 తరువాత కొత్తగా పిల్లలకు చికిత్స మొదలుపెట్టడం ఆరోగ్య శాఖ నిర్లక్ష్యమేనని ఆ తీర్పు సారాంశం. ఫ్రాన్స్‌లో మాత్రం 2009లో నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టారు. ఒక ఉత్తరం మీద ఏ తేదీన చర్య తీసుకోవలసిందో న్యాయమూర్తి లెక్కకట్టి చెప్పడం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మనం టపాలో అందుకున్న ప్రతి కాగితం మీద తేదీ ముద్ర ఎందుకు వేసేవాళ్లమో కొత్తవారికి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

రికార్డులు మేలు చేసిన సంగతీ చెప్పాలి. ఎవరికి ఎప్పుడు ఏ మందు అందిందో వెతికి, అమెరికా వారు ఆ పిల్లలను పెద్దయ్యాక కూడా గమనిస్తూ వచ్చారు. 1977లో అక్కడ శుద్ధి పద్ధతి మారింది. ఆ జాతీయ కార్యక్రమంలో అటు తరువాత చికిత్స మొదలుపెట్టినవారిలో ఈ జబ్బు కనిపించలేదని తెలిసింది ఆ గమనింపు వల్లనే. మరో సంగతి కూడా అందులోనే బయటపడింది. ఇలాంటి పిల్లల్లో కొందరికి పిట్యూటరీలోని ఇతర హార్మోన్లూ తక్కువగా ఉంటాయి. జ్వరమో వాంతులో వచ్చినప్పుడు కార్టిసాల్ అనే హార్మోను చాలక, రక్తంలో చక్కెర పడిపోయి చనిపోయినవారు, ఆ మెదడు జబ్బుతో చనిపోయినవారి కంటే ఎక్కువ మంది. ఇది తప్పించగల మరణం. మెదడు జబ్బు మీద అందరి దృష్టీ ఉండగా ఈ సంగతి రిజిస్టర్ చూస్తే గాని తెలియలేదు.

పాత మందు నీడ నేటికీ పూర్తిగా పోలేదు. ఆ మందు చిన్నప్పుడు తీసుకున్న ఐదుగురిలో మతిమరుపు జబ్బు అయిన అల్జీమర్స్ లక్షణాలు కనిపించాయని 2024లో లండన్ పరిశోధకులు ప్రకటించారు. అయితే ఆ జబ్బు మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. శవాల నుంచి తీసిన హార్మోను ఇప్పుడు వాడకంలో లేదు. కనుక ఎవరూ భయపడనక్కరలేదు.

కొత్త హార్మోను – కొత్త ప్రశ్న

అదృష్టవశాత్తూ ప్రత్యామ్నాయం అప్పటికే సిద్ధమవుతోంది. 1979లో జెనెంటెక్ కంపెనీ శాస్త్రజ్ఞులు మనిషి హార్మోను జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి, ఆ జీవి చేత హార్మోను తయారు చేయించారు. 1985 అక్టోబరులో అమెరికా దాన్ని ఆమోదించింది. ఇక గ్రంథుల కొరత లేదు, ఆ మెదడు జబ్బు భయమూ లేదు.

కొరత పోగానే ఇంకో ప్రశ్న వచ్చింది. మందు తక్కువగా ఉన్నప్పుడు నిజంగా హార్మోను లేని పిల్లలకే ఇచ్చేవారు. మందు పుష్కలమయ్యాక ఎవరికి ఇవ్వాలి? 1996లో టర్నర్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లలకు అమెరికాలో అనుమతి వచ్చింది. 2003లో ఏ కారణమూ దొరకని పొట్టి పిల్లలకూ అనుమతించారు. ఈ చివరి తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి రోజూ సూది వేస్తే చివరికి కలిసివచ్చేది సగటున 4 నుంచి 6 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండు అంగుళాలు. ఆ రెండు అంగుళాలకు పిల్లవాడు పడే బాధ, ఇంటివారు పెట్టే ఖర్చు తగినవేనా అని వైద్యుల్లోనే వాదన ఉంది. 2021 నుంచి వారానికి ఒక్కసారి వేసే సూదులు కూడా వచ్చాయి. బాధ తగ్గింది గాని ప్రశ్న తీరలేదు.

ట్రెజరీకి మళ్లీ ఉత్తర్వు పంపితే?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన ఘట్టానికి వస్తాను. హార్మోను లేదనుకున్న పిల్లల్లో చాలామందికి పిట్యూటరీ గ్రంథి బాగానే ఉంటుంది. పై నుంచి ఉత్తర్వు రాకనే అది ఊరుకుంటుంది. అలాంటప్పుడు బయటి నుంచి హార్మోను పోయడం ఎందుకు, ఉత్తర్వు పంపితే చాలదా?

ఆ ఉత్తర్వు హార్మోను హైపోథాలమస్‌లో ఉండేది అతి స్వల్పం. ఎంత వెతికినా చిక్కలేదు. చివరికి అది దొరికిన చోటు విచిత్రమైనది. కొందరికి క్లోమంలో కంతి పెరిగి, ఆ కంతి ఈ ఉత్తర్వు హార్మోనును విచ్చలవిడిగా తయారుచేస్తుంది. దాంతో చేతులు, పాదాలు, దవడ పెరిగిపోతాయి. అమెరికాలో వర్జీనియాలో మైకేల్ థార్నర్ అనే వైద్యుని దగ్గరకు అలాంటి రోగి ఒకరు వచ్చారు. ఫ్రాన్స్‌లో లియాన్ నగరంలో మరొకరు. శస్త్రచికిత్సతో తీసిన ఆ కంతులను పరీక్షించి, 1982లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండు బృందాలు పోటాపోటీగా ఆ హార్మోనును వేరు చేశాయి. ఒక బృందానికి వైలీ వేల్, జాన్ రివియే, రెండో దానికి 1977 నోబెల్ గ్రహీత రోజర్ గిల్లెమిన్ నాయకులు. ఒకరి జబ్బు ఇంకొకరి మందుకు దారి చూపిందన్న మాట.

1985లో థార్నర్ బృందం ఇద్దరు పిల్లలకు ఈ ఉత్తర్వు హార్మోను ఇస్తే ఎదుగుదల వేగం పెరిగిందని ప్రకటించింది. దానిలోని 44 అమైనో ఆమ్లాల్లో మొదటి 29 చాలునని తేలింది. ఆ 29 ముక్కల మందు పేరు సెర్మోరెలిన్. 1990లో అమెరికాలో గ్రంథి శక్తిని పరీక్షించడానికి, 1997లో పిల్లల చికిత్సకు ఆమోదం పొందింది. రోజూ రాత్రి పడుకునే ముందు చర్మం కింద సూది. అంతకుముందు ఏడాదికి 4 సెంటీమీటర్ల చొప్పున ఎదిగిన పిల్లలు ఈ మందుతో మొదటి ఏడాది 7 సెంటీమీటర్లు ఎదిగారు.

అయినా ఈ మందు నిలవలేదు. నేరుగా హార్మోను ఇచ్చినంత బలం దీనికి లేదు. ట్రెజరీలో నిధులే లేకపోతే ఎన్ని ఉత్తర్వులు పంపినా ఏం లాభం? గ్రంథి దెబ్బతిన్న పిల్లలకు ఇది పనిచేయదు. ఇదీ రోజువారీ సూదే. పక్కనే అసలు హార్మోను కావలసినంత దొరుకుతోంది. 2008లో కంపెనీ తయారీ ఆపివేసింది. ఉపసంహరణకు కారణం భద్రత గాని, పనిచేయకపోవడం గాని కాదని 2013లో అమెరికా ప్రభుత్వం తేల్చింది. మంచి మందు కూడా గిట్టుబాటు కాకపోతే కనుమరుగవుతుంది. ఇప్పుడు అదే పేరుతో కొన్నిచోట్ల పెద్దవారికి యవ్వనం తెప్పిస్తామని అమ్ముతున్నది పిల్లల చికిత్స కాదు.

ఉత్తర్వు పంపే మార్గాలు ఇంకా వెతికారు. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కోజిమా, కంగావా బృందం జీర్ణాశయంలో గ్రెలిన్ అనే హార్మోనును కనుగొంది. అది ఆకలి పుట్టించడంతో పాటు ఎదుగుదల హార్మోనునూ విడుదల చేయిస్తుంది. ఆ దారిలో నోటితో మింగే మందులను పిల్లల మీద పరీక్షించారు గాని, ఇది రాసే నాటికి ఎదుగుదల చికిత్సకు ఆమోదం పొందినది లేదు. మనలో కొందరికి రక్తపోటుకు రాసే క్లోనిడిన్ కూడా ఈ హార్మోనును విడుదల చేయిస్తుంది. 1980లలో దాన్ని చికిత్సగా ప్రయత్నిస్తే నిలకడైన ఫలితం రాలేదు. పరీక్షగా మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు. పరగడుపున పిల్లవాడికి ఆ మాత్ర ఇచ్చి, మధ్య మధ్య రక్తం తీసి, గ్రంథి స్పందించిందో లేదో చూస్తారు.

బ్యాంకులో ఆగిపోయే కేసులూ ఉన్నాయి. ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారాన్ 1966లో వర్ణించిన జబ్బులో హార్మోను నిండుగా ఉన్నా కాలేయం దాన్ని అందుకోదు. ఆ పిల్లలకు ఎదుగుదల హార్మోను పోసినా, ఉత్తర్వు పంపినా ప్రయోజనం లేదు. నేరుగా ఐ.జి.ఎఫ్. 1 ఇవ్వాలి. ఆ మందుకు 2005లో ఆమోదం వచ్చింది.

మన ఇంటి సంగతి

మన దేశంలో పొట్టితనానికి ఎక్కువగా కారణం హార్మోను కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. ఇందులో అధికభాగం తిండి చాలకపోవడం, పదే పదే విరేచనాలు, జబ్బులు, తల్లి బలహీనత వల్ల వచ్చినదే. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా చేస్తున్న పని ఈ పోషణ గురించే. అన్నం, పప్పు, గుడ్డు, పాలు అందవలసిన బిడ్డకు సూది వేస్తే సరిపోదు.

కడుపునిండా తినే ఇళ్లలోనూ సామాన్య కారణాలే ఎక్కువ. తల్లిదండ్రులు పొట్టివారైతే పిల్లలూ పొట్టిగా ఉంటారు. తండ్రి, తల్లి ఎత్తుల సగటుకు మగపిల్లవాడికి ఆరున్నర సెంటీమీటర్లు కలిపి, ఆడపిల్లకు ఆరున్నర తీసివేస్తే సుమారుగా రావలసిన ఎత్తు తెలుస్తుంది. కొందరు ఆలస్యంగా ఎదుగుతారు. "మీ నాన్న కూడా కాలేజీలో చేరాకనే సాగాడు" అని నాయనమ్మలు చెప్పే మాటలో నిజం ఉంది, అది వైద్యుడికి తప్పక చెప్పాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, గోధుమ పడని పేగు జబ్బు, ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్ – ఇవి ముందు చూడాలి. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. ఎదుగుదల పొరలు మూసుకుపోయాక ఏ హార్మోనూ, ఏ పొడీ పొడవు పెంచలేదు.

నాలుగేళ్ల వయసు నుంచి యుక్తవయసు వచ్చే దాకా పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు ఎదగాలి. 4 కంటే తగ్గితే పిల్లల వైద్యుణ్ణి, అవసరమైతే హార్మోన్ల వైద్యుణ్ణి కలవాలి. ఆలస్యం చేయకూడదు. నిజంగా హార్మోను లేని బిడ్డకు ఈ మందు వరమే, అక్కడ ఖర్చుకు వెనుకాడనక్కరలేదు. చికిత్స మొదలుపెట్టాక తలనొప్పి, తుంటి నొప్పి, కుంటి నడక, అతి దాహం కనిపిస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి.

సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మా బిడ్డకు ఎదుగుదల ఏ మెట్టులో ఆగింది? ఈ మందు ఆ మెట్టుకు సంబంధించినదేనా? దీనివల్ల చివరికి ఎన్ని సెంటీమీటర్లు కలిసిరావచ్చు? జవాబు రాయించుకోండి. మందు పెట్టె మీది బ్యాచి నంబరు, తేదీ రాసి దాచండి.

ఆపైన తాతలం మనం చేయగల పని ఒకటుంది, ఖర్చు లేనిది. ఒక నోటు పుస్తకం కొనండి. మూడు నెలలకు ఒకసారి పిల్లవాణ్ణి చెప్పులు లేకుండా గోడకు ఆనించి, మడమలు గోడకు తగిలేలా నిలబెట్టి, తల మీద అట్ట అడ్డంగా పెట్టి గీత గీయండి. టేపుతో కొలిచి తేదీ వేసి రాయండి. ఏడాది తిరిగేసరికి ఆ పేజీ వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది. కొలిచేటప్పుడు మాత్రం పక్కింటి పిల్లల మాట ఎత్తకండి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మన పెద్దలు ఊరికే అనలేదు.